సాయిలు రీడింగు

విమానం ట్యాంకులో ఇంధనం ఎంత ఉందో చెప్పే సెన్సర్‌గా టెక్నీషియన్ సాయిలు ఎంపికైనట్టు సోమవారం పదిన్నరకు ఉత్తర్వు వచ్చింది. ప్రయోగశాలలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. టెస్టింగ్ ఇంజనీరు హైమవతి మాత్రం దాన్ని రెండుసార్లు చదివింది.

నిజానికి తప్పు ఆమె రాసిన కాగితాలదే. ఆరేళ్ళలో ఆ ప్రయోగశాల పదకొండు సెన్సర్లు తయారుచేసింది. ఒకటి చలికి మొరాయించింది. ఇంకొకటి ట్యాంకు కాస్త వంగితే చాలు, ఖాళీని నిండుగా చూపించింది. వాటి అబద్ధాలు పట్టుకోవడానికి సాయిలు స్కేలుతో ట్యాంకులోకి దిగి అసలు మట్టం చెప్పేవాడు, హైమవతి దాన్ని పక్క గడిలో రాసేది. పెద్దల కమిటీ ఆ కాగితాలన్నీ తిరగేసి, ఎన్నడూ తప్పనిది ఆ పక్క గడి ఒక్కటేనని కనిపెట్టింది. పెళ్ళికొడుకు కన్నా తోడుపెళ్ళికొడుకే బాగున్నాడని తాళి అతని చేతికిచ్చినంత తెలివి అది.

పరీక్షలు పద్ధతి ప్రకారమే జరిగాయి. సాయిలు చొక్కా మీద పార్ట్ నంబరు కుట్టారు. అదిరే బల్లకు కట్టి మూడు గంటలు కుదిపారు. మైనస్ నలభై డిగ్రీల గదిలో పళ్ళు టకటకలాడుతున్నా అతని రీడింగు తప్పలేదు. ట్యాంకులో పరాయి వస్తువులు ఉండకూడదని స్టోర్సు వాళ్ళు టిఫిన్ డబ్బా లాక్కున్నారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో దక్కిన మొదటి పదోన్నతి కదా, సాయిలు అందరికీ స్వీట్లు పంచాడు.

ఇక మిగిలింది ట్యాంకు పూర్తిగా నింపే పరీక్ష. ట్యాంకు లోతు ఆరడుగులు. సాయిలు అయిదడుగుల నాలుగంగుళాలు. హైమవతి ఆ సంగతే రాసి పైకి పంపితే, సెన్సర్ పొడవు మార్చడం డిజైన్ మార్పు కిందికి వస్తుందని జవాబొచ్చింది.

గురువారం డైరెక్టర్ సోమయాజులు గారి, కమిటీ సభ్యుల సమక్షంలో ఆమె వాల్వు తిప్పింది. ఇంధనం కిరసనాయిలు కంపుతో గుప్పుమంది.

"మోకాలు, మేడమ్," అన్నాడు సాయిలు లోపలినుంచి. కాసేపటికి, "నడుము." ఇంకాసేపటికి, "గడ్డం."

హైమవతి వాల్వు కట్టేసింది. "సార్, మనిషి చచ్చిపోతాడు సార్!"

"మధ్యలో ఆపితే పరీక్ష చెల్లదమ్మా," అన్నారు సోమయాజులు గారు నెమ్మదిగా. "కుదుపుడు దగ్గర్నుంచి అన్నీ మళ్ళీ చెయ్యాలి. కావాలంటే అతన్నే అడుగు."

ఆమె ట్యాంకు మూతి మీదికి వంగింది. "బయటికొచ్చేయండి సాయిలు గారూ. నిచ్చెన వేస్తాను."

"మల్ల మొదటికెల్లి అంటే నాతోని కాదు మేడమ్," అన్నాడతను తల పైకెత్తి. "జరంతనే ఉన్నది గదా. కానియ్యున్రి."

ఆమెకు ఏడుపొచ్చింది, అంతకు మించి కోపమొచ్చింది. ఎవరి మీదో తేల్చుకునేలోగా సోమయాజులు గారు గడియారం చూసుకున్నారు. ఆమె వాల్వు తిప్పింది.

ఆ తర్వాత రీడింగు రాలేదు. నిండినప్పుడు సెన్సర్ ఏమనాలో నిబంధనల్లో లేదు కనుక, ఏమీ అనకపోవడమంటే నిండినట్టేనని కమిటీ అక్కడికక్కడే తీర్మానించింది.

సాయంత్రానికి నివేదిక హైమవతి బల్ల మీదికి వచ్చింది. ట్యాంకు నిండిందనీ, సెన్సర్ ఏ అభ్యంతరమూ తెలపలేదనీ, పరీక్ష దాని సమ్మతితోనే పూర్తయిందనీ అందులో ఉంది. ఆమె అక్షరం అక్షరం వెతికింది. ఒక్క అబద్ధమూ దొరకలేదు. సంతకం పెట్టింది.