లింగియాడీహ్‌లో యాక్టివ్ సైటు

కంప్యూటరు మనకు దొరికిన గొప్ప వరం! దాని పుణ్యమా అని మనిషికి కళ్లతో చూసే శ్రమ, చెవులతో వినే శ్రమ రెండూ తప్పాయి. కాదనేవాళ్లు తొంభై ఏడులో బిలాస్‌పూర్ రమణబాబుకు జరిగిన మేలు వినాలి.

రమణబాబు గూడ్సు గార్డు. వచ్చే వేసవికి రిటైరు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. తాతల నాటి నుంచీ ఆ వంశమంతా రైల్వే కప్పుల కిందే పుట్టి పెరిగింది గానీ, అడక్కుండా ఒక మేకు కొట్టుకోవడానికి సొంత గోడ లేదు. అందుకే ఆయనకు ఒకటే ధ్యాస. సైటు కొనాలి, నాలుగు గోడలు లేపాలి. నిద్రలో కూడా సైటే!

అలాంటి సమయంలో కూతురు నీలవేణి రాయపూర్ నుంచి సెలవులకొచ్చింది. అక్కడి యూనివర్సిటీలో నాలుగేళ్లుగా ఏదో పరిశోధన చేస్తోంది. ఏదో అంటే ఏదో, ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ పూట భోజనాల దగ్గర తల్లితో మాట్లాడుతూ, కంప్యూటరు మీద యాక్టివ్ సైట్లు వెతుకుతున్నానంది.

రమణబాబు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “ఏటేటీ! సైట్లు ఎతుకుతన్నావా? కంప్యూటరుకి ఎలాగ తెలుస్తాదమ్మా?”

పిల్ల మొహం వెలిగిపోయింది. ఎన్నడూ లేనిది, నాన్న అడిగాడు! చెయ్యి ఎండిపోతున్నా పట్టించుకోకుండా అంతా చెప్పింది. ఎంజైము అంటే పని చేసే ప్రోటీను. దారపు ఉండలా ఉంటుంది. అంత ఉండలోనూ అసలు పని జరిగేది ఒక్క చిన్న చోట. దాన్ని ల్యాబులో పట్టుకోవాలంటే ఏళ్లు పడుతుంది. కంప్యూటరైతే ఉండ మీది ఎత్తుపల్లాలన్నీ కొలిచి, ఇక్కడ ఉండొచ్చని చూపిస్తుంది. మధ్యలో వచ్చిన ప్రోటీనును రమణబాబు సిమెంటులాంటిదేదో అనుకుని వదిలేశాడు.

“చాలాసార్లు అన్నిటికన్నా పెద్ద గొయ్యే యాక్టివ్ సైటు అవుతుంది నాన్నా. కానీ తర్వాత ల్యాబులో టెస్టు చేసి...”

“అచ్ఛా! పెద్ద గొయ్యి!” అంటూ రమణబాబు చెయ్యి కడిగేసుకున్నాడు. సైటు కొనేవాడికి ‘కానీ’ తర్వాతి మాట వినే ఓపిక ఎక్కడుంటుంది?

మర్నాడు బ్రోకరు నూకరాజు ఆయన్ను ఊరి శివార్లలోని లింగియాడీహ్ తీసుకెళ్లి మంచి మెరక చూపించాడు. రమణబాబు దాని మొహం కూడా చూడకుండా పక్కనున్న గొయ్యి ముందు నిలబడ్డాడు. మొదటిసారిగా బ్రోకరుకే సిగ్గేసింది.

“అది ఇటుకలోళ్లు మట్టి తవ్వీసిన గొయ్యి బాబూ!”

“నీకేటి తెలుసురా? కంప్యూటరు సెప్పింది!”

నూకరాజు కాగితాలు రాయించాడు. కంప్యూటరుతో వాదించే మొనగాడు ఇంకా పుట్టాడా? గొయ్యి రమణబాబు పేర రిజిస్టరైంది.

జులైలో వానలు పడ్డాయి. సైటు యాక్టివ్ అయింది! కప్పలు డ్యూటీ ఎక్కాయి. ఊళ్లోని గేదెలు షిఫ్టులవారీగా దిగాయి. ఒక కొంగ ఏకంగా పర్మనెంటైంది. ఇంత చురుకైన సైటున్న ఆసామి రమణబాబు ఉండే తార్‌బహార్ పేట మొత్తంలో ఇంకొకడున్నాడా?

టీ కొట్టు దగ్గర జనం పరామర్శించారు. రమణబాబు తల పట్టుకుని, “మా అమ్మాయి సెప్పింది. నానేటి సేస్తాను?” అన్నాడు. చూశారా వరం! కొన్నప్పుడు చెప్పింది కంప్యూటరు, మునిగాక చెప్పింది అమ్మాయి. మెప్పు మిషనుకీ, తిట్లు ఆడపిల్లకీ పోతుంటే మగవాడి ప్రాణానికి ఎంత హాయి!

కబురంది నీలవేణి వచ్చింది. గట్టు మీద నిలబడి గేదెల్ని చూసింది. ఎక్కడి పొరపాటో అప్పుడర్థమైంది. నవ్వొచ్చే సంగతే గానీ, పిల్ల కళ్లు తుడుచుకుంది. రమణబాబు దగ్గరికొచ్చాడు.

“ఏడవకమ్మా. పోన్లే, గొయ్యి ఎలాగోలా పూడ్సీద్దుం.”

“గొయ్యి సంగతి ఛోడో నాన్నా. మా నాన్న నా రీసెర్చి గురించి అడిగాడని హాస్టల్లో అందరికీ చెప్పుకున్నాను.”