దాన్ని తీసుకొని రా

టీ తాగి షాపు తెరిచేలోపు పది పేజీలైనా చదవాలని ఆ పొద్దున జైసింగ్ గట్టిగా అనుకున్నాడు. ముందురోజు కూడా అలాగే అనుకున్నాడు. రెండో పేజీ మధ్యకు వచ్చేసరికి నిద్ర ముంచుకొచ్చింది. లేచి చూస్తే పుస్తకం మంచం కింద ఉంది, టీ చల్లారిపోయి ఉంది.

మహబూబాబాద్‌లో అతనికి కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ షాపు ఉంది. భార్య సంగీత భూపాలపల్లిలో తెలుగు టీచరు. శనివారం సాయంత్రం బస్సెక్కి వచ్చేది, సోమవారం తెల్లవారకముందే వెళ్లిపోయేది. పెళ్లయినప్పటి నుంచి వాళ్ల కాపురమంతా ఆ ఒక్క ఆదివారం మీదే నడుస్తోంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు డిపోల్లో ఉండిపోయాయి, సంగీత దీక్షా శిబిరంలో కూర్చుంది, ఆ ఆదివారం కూడా పోయింది. బండి వేసుకుని అతనైనా వెళ్దామంటే, బొగ్గు ఆగి కరెంటు ఇష్టమొచ్చినట్టు వచ్చిపోతూ రైతుల మోటార్లన్నీ కాలిపోతున్నాయి. చేలు ఎండుతుంటే షాపు వదిలి కదల్లేడు. ఇద్దరికీ మిగిలింది సాయంత్రం ఫోను.

"రోజూ తిన్నవా, తిన్నవా అని ఎన్నిసార్లు అడుగుతం?" అంది సంగీత ఒకరోజు. "నేను బడి లైబ్రరీల నుంచి ఒక నవల తెచ్చుకున్న. గదే నవల ఇంట్ల అలమారల నాదొకటి ఉంది, అది తియ్యి. ఇద్దరం చదువుకుంట దాని గురించే మాట్లాడుకుందం. ఒక్కకాడ ఉన్నట్టు ఉంటది."

ఒక్కకాడ ఉన్నట్టు అన్న మాటకు జైసింగ్ కరిగిపోయి సరే అన్నాడు. చదవడం మాత్రం చేతకాలేదు. చివరికి పక్కనే సెల్‌ఫోన్ షాపు నడిపే రాంజీకి బాధ చెప్పుకున్నాడు.

"గీ పుస్తకమా? కండ్లు కనవడనోళ్ల కోసం ఎవరో చదివి రికార్డు పెట్టిన్రు," అన్నాడు రాంజీ. "మెమొరీ కార్డుల ఎక్కించి ఇస్త. వైరు చుట్టుకుంట వినుకో."

ఎవరైనా ఫలానా కథ విన్నానంటే "విన్నవు సరే, చదివినవా?" అని అడిగే మనిషి సంగీత. అందుకే ఈ సంగతి ఆమెకు చెప్పకూడదని జైసింగ్ నిర్ణయించుకున్నాడు. బంద్ కాబట్టి షట్టరు సగం దించి, ఫోను బల్ల మీద పెట్టి, రాగితీగ చుడుతూ వినడం మొదలుపెట్టాడు. చదివినామె గొంతు మెత్తగా ఉంది. కథలో భీమయ్య మగ్గం పనికి భీవండి పోతాడు, పెళ్లాం నీలవ్వ ఊళ్లో ఎదురుచూస్తుంటుంది. జైసింగ్ రెండుసార్లు తీగ వరస తప్పి, విప్పి మళ్లీ చుట్టాడు.

"పాపం, నీలవ్వ చచ్చిపోయిందంటే నాకు అన్నం పోలే," అన్నాడు ఆ సాయంత్రం.

అవతల సంగీత పేజీలు తిరగేసింది. "నేనింక పెండ్లి కాడనే ఉన్న. ఆఖరి పేజీలు ముందుగాల చూసినవా?"

"లే. ఒకటి తర్వాత ఒకటే."

మర్నాడు ఆమె బెట్టు చేస్తూనే కథ ఎక్కడికి వచ్చిందని అడిగింది.

"నీలవ్వ చేపలు కడుగుతుంది."

"నిన్న చచ్చిపోయిందంటివి కదా."

"అవును, చచ్చిపోయింది. ఇయ్యాల కడుగుతుంది."

సంగీత ఫోను పెట్టేసి, కురవి దగ్గర తండాలో ఉన్న అత్తకు చేసింది. "జర పోయి చూసిరా యాడీ," అంది అత్తను లంబాడీలో అమ్మా అని పిలుస్తూ. "తాగుతుండేమో అనిపిస్తుంది."

జైసింగ్ తల్లి రుక్కి మర్నాడు పొద్దున్నే రొట్టెలు మూటగట్టుకుని ఆటోలో వచ్చింది. షట్టరు సగం దించి ఉంది. లోపలినుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "నువ్వు వచ్చేదాక నేను ఈ తలుపుకు గొళ్లెం పెట్టను. అర్ధరాత్రి వచ్చినా తోసుకొని రా." ఆ వెంటనే కొడుకు ముక్కు చీదుకున్న చప్పుడు. పెళ్లయిన కొడుకు షాపు షట్టరు ఎత్తి చూసేంత మొరటు మనిషి కాదు రుక్కి. మూటతోనే వెనక్కి తిరిగి, సందు మలుపులో నిలబడి కోడలికి ఫోను చేసింది.

"తాగుడైతే లేదు బిడ్డా. లోపట ఒకామె ఉన్నది." ఉన్నది దాచడం ఇష్టంలేక, "గొంతు మంచిగున్నది," అని కూడా చెప్పింది.

ఆ సాయంత్రం సంగీత తిన్నవా అని అడగలేదు.

"షట్టరు దించుకొని ఏం జేస్తున్నవో నాకు తెలిసింది. అదెక్కడిది?"

రాంజీ చెప్పేశాడనుకున్నాడు జైసింగ్. "రాంజీ ఇచ్చిండు," అన్నాడు నెమ్మదిగా.

"రాంజీ ఇచ్చిండా?"

"ఉత్తగనే ఇచ్చిండు. నువ్వు కోపం జేస్తవని చెప్పలే."

"రోజంతా దానితోనేనా?"

"చేతులు పనిల ఉంటయి కదా. నువ్వు లేవు, ఇల్లు బోసిగ ఉంటది. దాంతోని జర మనసు కుదుటవడుతుంది."

"రేపు మా టీచర్లందరం జనగామల రైలు పట్టాల మీద కూసుంటున్నం. దాన్ని తీసుకొని రా. నేను నా కండ్లతోని చూడాలె."

కోపంగానే అయినా రమ్మంది కదా అని జైసింగ్ సంతోషించాడు. పొద్దున్నే షాపుకు తాళం వేసి బండి తీస్తే, కోడలు ఫోను చేసి చెప్పిందని తండా నుంచి వచ్చిన రుక్కి వెనక ఎక్కి కూర్చుంది.

"దాన్ని తీసుకపోతలేవా?" అంది అటూ ఇటూ చూస్తూ.

"జేబుల ఉన్నది యాడీ."

కొడుకు మతి పోయిందని రుక్కి దారిపొడవునా కొంగుతో కళ్లొత్తుకుంది.

జనగామలో పట్టాల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక పక్క వంట సాగుతోంది, ఒక పక్క పాటలు. టీచర్ల మధ్య సంగీత నల్లబడి, చిక్కిపోయి కనిపించింది. జైసింగ్ జనాన్ని తోసుకుంటూ ఆమె ముందుకు వెళ్లాడు.

"ఏదది?" అంది సంగీత.

అతను జేబులోంచి ఫోను తీసి నొక్కాడు. మెత్తటి గొంతు పలికింది.

"గదే గొంతు," అంది రుక్కి.

సంగీతకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చి, ఏదీ బయటికి రాక, చివరికి టీచరే బయటికొచ్చింది. "నేను చదువుమన్న. గిది వినుడు. వింటే చదివినట్టెట్లయితది?"

పక్కనే ఉన్న శిబిరం పెద్ద సారయ్య సార్ కల్పించుకున్నాడు. "అట్లనకు బిడ్డా. రామాయణం మనమందరం విన్నదే గాని చదివినోళ్లు ఎంతమంది?" లెక్కల టీచరు ఒకాయన ఒప్పుకోలేదు. వింటే చాలంటే బడులెందుకన్నాడు. ఈ పట్టా మీదివాళ్లు చదువు వైపు, ఆ పట్టా మీదివాళ్లు వినికిడి వైపు చేరారు. వాదన వరస చివరికి పాకేసరికి, టీచర్లు చదివారో లేదో చూడడానికి సర్కారు కొత్త పరీక్ష పెడుతోందన్న కబురుగా మారింది. అక్కడివాళ్లు లేచి నిలబడి పరీక్ష రద్దు చేయాలని నినాదాలు అందుకున్నారు. సారయ్య సార్ వాళ్లను సముదాయించడానికి పరుగెత్తాడు.

ఆ గోలలో జైసింగ్ ఆమె పక్కన కూర్చున్నాడు. "వింటే లెక్కల రాదంటవు," అన్నాడు నేల చూస్తూ. "ఇన్నొద్దులు నిన్ను చూసింది లేదు. ఫోన్ల నీ గొంతు వినుకుంటనే, నీతోని ఉన్న అనుకున్న. అది సుత లెక్కల రాదా?"

సంగీత ఫోను తీసుకుని, చూసేదేమీ లేకపోయినా చూస్తూ కూర్చుంది. అప్పుడు తెర మీద ఫోను పేర్చుకున్న వరస కనబడింది. ఒకటో భాగం తర్వాత పది, పదకొండు, పన్నెండు, ఆ తర్వాత రెండు, అలా పోయి అన్నిటికంటే చివర తొమ్మిది.

"అందుకా నీలవ్వ చచ్చినంక చేపలు కడిగింది," అంది. "ఆఖరుకు ఏమైంది నీకు?"

"భీమయ్య రాత్రి ఇంటికొచ్చిండు. తలుపు తీసే ఉంది. అయిపోయింది."

సంగీత నిన్నటి రాత్రే పుస్తకం ముగించి, దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నాది అట్ల కాలే," అంది. "ఇయర్‌ఫోన్ ఉన్నదా? ఆ తలుపు తీసే కాడ పెట్టు."

ఒకటి ఆమె చెవిలో, ఒకటి అతని చెవిలో పెట్టుకున్నారు. ఏం వింటున్నారో చూద్దామని రుక్కి ఇద్దరి మధ్యకు వచ్చి కూర్చోవడంతో తీగ ఆమె మెడ చుట్టూ పోయింది. కొడుక్కి మతి పోలేదన్న నిశ్చింతతో ఆమె కదలకుండా కూర్చుని రొట్టె తింది. చీకటి పడేముందు భూపాలపల్లి జీపు హారన్ కొట్టింది. సంగీత ఎక్కుతూ మెమొరీ కార్డు అడిగి తీసుకుంది.

"బస్సులు నడిచినంక వచ్చే మొదటి ఆదివారం నేనే వస్త," అంది.

సమ్మె ముగిసింది. బస్సులు కదిలాయి. జైసింగ్ ఇల్లు కడిగించి, చేపలు తెచ్చి ఎదురుచూశాడు. శనివారం సాయంత్రం ఫోను వచ్చింది. సమ్మెలో పోయిన పనిదినాలకు బదులుగా, ఇకనుంచి ఆదివారాలు కూడా బడి ఉంటుందట.