వణకని రెక్క

ఆ రోజు పొద్దున ఆమె అనుకున్నది చిన్న పనే. పెద్ద కార్యాలయం నుంచి అధికారి వస్తాడు. విండ్ టన్నెల్‌లో, అంటే ఫ్యాను గాలి హోరెత్తే ఆ గదంత గొట్టంలో, చిన్న విమానాల కోసం తను తయారు చేసిన మెత్తటి రెక్కను ఆయనకు చూపించాలి. ఆయన మెచ్చితే ఉద్యోగం నిలుస్తుంది. లేదంటే నెలాఖరుకి ఇంటిదారే.

పలచటి రబ్బరు పొర, సన్నటి పుల్లలు. చూడటానికి గబ్బిలం రెక్కలా ఉంటుంది. గాలికి ఎదురుగా ఇనప జాలీ పెడితే ఆ గాలి చెదిరి సుడులు తిరుగుతుంది. బిర్రుగా ఉన్న రెక్క ఆ సుడులకు పట్టు తప్పి కూలుతుంది. ఈ మెత్తటిది మాత్రం వణుకుతూ, వంగుతూ, ప్రతి సుడికీ తన ఒంపు మార్చుకుని నిలబడుతుంది. ఆ వణుకును చూసి చూసే ఆమెకు కళ్ళజోడు వచ్చింది.

"ఇదేంటమ్మా, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది?" అన్నాడు ప్రయోగశాల పెద్దసారు. ఆయన జీతాల విభాగం నుంచి ఎదిగి ఆ కుర్చీలోకి వచ్చినవాడు.

"వణకడమే దాని పని సార్."

"సర్లే సర్లే. నువ్వెళ్ళి గేటు దగ్గర ఆయన్ని తీసుకురా."

ఆమె అటు వెళ్ళగానే పెద్దసారు ఫిట్టరుని పిలిచాడు. ఫిట్టరుని అందరూ బాబాయ్ అంటారు. ఆమె అంటే ఆయనకి కూతురంత ప్రేమ.

"ఆ వణుకు చూస్తే పిల్ల ఉద్యోగం ఊడుతుందయ్యా. ఏదో ఒకటి చెయ్యి."

బాబాయ్ ప్రేమగా రెక్క వెనక రెండు రేకు ముక్కలు అంటించాడు. గాలి వదిలితే రెక్క గాలివానలో తలుపులా టపటపా కొట్టుకుంది. ఇంకో నాలుగు ముక్కలు పడ్డాయి. ఈసారి కొయ్యబారి, ముక్కు కిందికి వేసి కూలబడింది.

"కొంప మునిగింది! ఇదేం ఖర్మ?"

"గాలికి అడ్డంగా ఆ జాలీ ఉంది కద సార్. తప్పంతా దానిదే," అని బాబాయ్ జాలీ పీకి పక్కన పెట్టాడు. గాలి నున్నగా సాగింది. రెక్క రాతిబొమ్మలా నిలబడింది.

అప్పుడే ఆమె అధికారిని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఆహా! ఇంత గాలిలో ఇసుమంతైనా కదల్లేదే!" అని ఆయన చప్పట్లు కొట్టాడు.

రెక్క వెనక రేకు ముక్కలు, పక్కన పీకి పెట్టిన జాలీ ఆమె కంటపడ్డాయి. ఊరుకుంటే ఉద్యోగం దక్కేది. ఊరుకోలేకపోయింది.

"ఇది నా రెక్క కాదండీ. దీన్ని ఎవరో బిగించేశారు. జాలీ పెట్టి చూడండి, నిజం తెలుస్తుంది," అంటూ జాలీని తనే తెచ్చి బిగించింది. సుడిగాలి తగలగానే రెక్క గిలగిలా కొట్టుకుని, ఊడి, గొట్టానికున్న కిటికీ అద్దం బద్దలు కొట్టుకుని వచ్చి అధికారి కాళ్ళ దగ్గర పడింది.

"చూశారా! బిర్రుగా ఉంటే ఇంతే!" అంది ఆమె సంబరంగా.

"చూశాను. బాగున్నదాన్ని నువ్వే చెడగొట్టావు," అన్నాడు అధికారి, గాజుపెంకులు దులుపుకుంటూ.

"చిన్నపిల్ల సార్, తొందరెక్కువ," అన్నాడు పెద్దసారు. బాబాయ్ ఏదో చెప్పబోయి, పెద్దసారు చూపు తగిలి నోరు మూసుకున్నాడు.

కదలని రెక్కల పథకం పెద్దసారు పేరున మంజూరైంది. బాబాయ్‌కి ప్రమోషన్ వచ్చింది. ఆమెకు వీడ్కోలు సభ పెట్టారు. ఆమె పట్టుదల గురించి పెద్దసారు చాలాసేపు మాట్లాడాడు. హాలంతా చెమటతో తడిసిపోయినా ఎవరూ ఫ్యాను వెయ్యలేదు. పెద్దసారుకి గాలి పడదు.