గాభరా శాఖ వారి తనిఖీ

హైమవతి ఇంటికి ప్రతి నెలా, నెలసరికి ఆరు రోజుల ముందు, గాభరా శాఖ నుంచి పద్మనాభం గారు తనిఖీకి వచ్చేవారు. పొద్దున్నే పాల ప్యాకెట్లు వేసే వేళకు గుమ్మం ముందు చెప్పులు విడిచి, ముందు గదిలో కిటికీ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. రెక్సిన్ సంచీలోంచి ఫైలు తీసి, తాడు విప్పి, కళ్ళజోడు తుడుచుకుని, "మొదలెడదామాండి" అనేవారు. అప్పటి నుంచి ఆరు రోజుల పాటు ఆమె ఎటు వెళితే ఆయనా అటే వెళ్ళేవారు.

కాకినాడలో ఆ వీధి వాళ్ళకు ఇది వింత కాదు. ఇంచుమించు ఇంటికొకరు వచ్చేవారు. కొందరి ఇళ్ళకు వచ్చినవాళ్ళు ఒక పూట కూర్చుని వెళ్ళిపోయేవారు, కొందరి ఇళ్ళలో పది రోజులు మకాం వేసేవారు. అయితే తమ ఇంటికి వచ్చినవారి గురించి ఎవరూ పైకి మాట్లాడేవారు కాదు. ఎవరైనా అడిగితే ఒంట్లో నలతగా ఉందని చెప్పి తలుపు దగ్గరగా వేసేవారు.

పద్మనాభం గారు మొదటిసారి వచ్చేనాటికి హైమవతికి పద్నాలుగేళ్ళు. అప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేది, ఫైలులో నాలుగు కాగితాలుండేవి. ఇప్పుడు ఆమెకు ముప్ఫై ఎనిమిది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, ఫైలు ఇటుక మందాన అయింది. పెళ్ళయి పిఠాపురం నుంచి ఆమె కాకినాడ వస్తే శాఖ వారు ఆయన్నీ ఇక్కడికే బదిలీ చేశారు. పెళ్ళిలో ఆయన పంక్తి చివర నిలబడి, మగపెళ్ళివారి మూడో బంతికి అప్పడాలు అందలేదని రాసుకున్నారు. హైమవతి కడుపుతో ఉన్నన్నాళ్ళూ మాత్రం రాలేదు. అది వేరే విభాగం కిందికి వస్తుంది కనుక వేరే ఆయన వచ్చారు.

ఆయన ఏనాడూ గొంతు పెంచలేదు. కిందటి గురువారం మీరు స్టాఫ్ రూములోకి వెళ్ళగానే ఇద్దరు టీచర్లు మాటలు ఆపేశారు, కారణం ఏమిటని నెమ్మదిగా అడిగేవారు. ఆమె ఏదో చెప్పేది. సమాధానం సంతృప్తికరంగా లేదని రాసి పేజీ తిప్పేవారు. హైమవతికి గుండె దడదడలాడేది. కూతురు లాస్య గ్లాసు కింద పెట్టిన చప్పుడుకి కూడా ఉలిక్కిపడి ఆ పిల్ల మీద విసుక్కునేది. ఆరో రోజో ఏడో రోజో నెలసరి రాగానే ఆయన ఫైలుకు తాడు కట్టి, నమస్కారం పెట్టి, వెళ్ళిపోయేవారు. ఆమె వేడినీళ్ళ సంచీ పొట్ట మీద పెట్టుకుని పడుకుని, ఇంత చిన్నదానికా అంత హడలిపోయాను అనుకునేది. కానీ మళ్ళీ ఆయన వచ్చి కూర్చున్నప్పుడు, ఈయన కిందటి నెల కూడా వచ్చి వెళ్ళాడు కదా అన్న సంగతి ఒక్కసారి కూడా తోచేది కాదు. ఈసారి నిజంగానే దొరికిపోయాననే అనిపించేది.

ఆమె ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. అర్ధ సంవత్సర పరీక్షల్లో ఒకమ్మాయికి ఎనభై ఆరు మార్కులు వస్తే జాబితాలో అరవై ఎనిమిది అని వేసింది. ఆ అమ్మాయే వచ్చి చూపిస్తే అక్కడికక్కడే దిద్దింది, ఇద్దరూ నవ్వుకున్నారు. తరవాత రెండు రోజులకు పద్మనాభం గారు వచ్చారు. ఆ రెండంకెల మీద ఆయన మూడు రోజులు విచారణ చేశారు. ఇంకెంతమంది పిల్లలకు ఇలా జరిగిందో, వాళ్ళలో ఎంతమంది నోరు తెరిచి అడగలేకపోయారో లెక్క చెప్పమన్నారు. మూడో రోజు మధ్యాహ్నం లెక్కలు చెప్పడానికి తాను అర్హురాలిని కానని, కనుక ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నానని ఆమె ఒక తెల్లకాగితం మీద రాసింది. ఆయన పక్కన నిలబడి ఒక అక్షరదోషం కూడా దిద్దారు.

హెడ్మిస్ట్రెస్ వరహాలమ్మ గారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ఉత్తరం చదివి, హైమవతి వెనక నిలబడ్డ పద్మనాభం గారికి నమస్కారం పెట్టి, కూర్చోమని స్టూలు చూపించారు.

"దీని మీద తారీఖు వెయ్యకు," అన్నారు హైమవతితో. "పది రోజులు పోయాక రా. అప్పటికీ ఇదే మాటయితే నా ఎదురుగా తారీఖు వేద్దువుగాని, పైకి పంపించేస్తాను."

పది రోజుల తరవాత హైమవతి వెళ్ళింది. పద్మనాభం గారు అప్పటికి వెళ్ళిపోయారు. ఉత్తరం చేతికిస్తే ఎవరో పరాయి మనిషి తన చేతిరాతను నేర్చుకుని రాసినట్టనిపించింది. వరహాలమ్మ గారు సొరుగు లాగారు. నిండా తారీఖు లేని కాగితాలే. స్కూల్లో పనిచేసే ఆడవాళ్ళవే అన్నీ. అందులోంచి హైమవతివి మరో మూడు ఏరి బల్ల మీద పెట్టారు. ఒకటి తోటి టీచరుకు క్షమాపణ, ఆ టీచరుకు ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఒకటి పదో తరగతి నుంచి తప్పించమని, ఇంకొకటి పరీక్షల డ్యూటీ వద్దని.

"ప్రతి దాని వెనకాలా నువ్వు ఇచ్చిన రోజు పెన్సిలుతో రాసి పెట్టాను. లెక్కల టీచరువి కదా, తీసివెయ్యి."

హైమవతి తీసివేసింది. మొదటి ఉత్తరానికీ రెండోదానికీ మధ్య ఎనభై ఒక్క రోజులు. రెండోదానికీ మూడోదానికీ యాభై నాలుగు. చివరి రెండింటికీ మధ్య ఇరవై ఏడు. పదిహేనేళ్ళుగా పిల్లలచేత ఎక్కాలు వల్లె వేయిస్తున్న మనిషికి ఆ మూడూ ఇరవై ఏడో ఎక్కంలోవేనని, తన నెలసరికీ నెలసరికీ మధ్య రోజులూ అన్నేనని అప్పటికి తెలిసింది. ఆ తరవాత ఆమెకు ఏడుపు వచ్చింది. అది భయంతో వచ్చిన ఏడుపు కాదు కాబట్టి వరహాలమ్మ గారు ఆపలేదు, ఫ్యాను మాత్రం కొంచెం పెంచారు.

డాక్టరు నీలవేణి గారి దగ్గరికి హైమవతి భర్తను వెంటబెట్టుకుని వెళ్ళింది. సత్తిబాబుది స్కూటర్ల విడిభాగాల కొట్టు. భార్య అంటే ప్రాణమే గాని, ఆ ఫైలు వ్యవహారం ఆమెకూ శాఖకూ మధ్య సంగతని నమ్మి, ఆ ఆరు రోజులూ కొట్టు ఒక గంట ముందే తెరిచేవాడు. తనిఖీ రోజులు కావడంతో పద్మనాభం గారు కూడా ఆటోలో పక్కనే కూర్చుని వచ్చారు. ఆయన లోపలికి రాబోతే డాక్టరు గారు బయట కూర్చోమన్నారు. వెంట ఉండడం శాఖ నిబంధన అని ఆయన గుర్తుచేశారు. ఈ గదిలో నిబంధనలు తనవని డాక్టరు గారు చెప్పారు. హాల్లో అప్పటికే పదకొండు మంది అధికారులు ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని, ఎవరు ఏ ఊరు బదిలీ అయ్యారో చెప్పుకుంటున్నారు. పద్మనాభం గారు పన్నెండో కుర్చీలో కూర్చున్నారు.

"చూడమ్మా, నెలసరి ముందు ఒంట్లో హార్మోన్లు తగ్గిపోతాయి. అది అందరికీ జరిగేదే," అన్నారు డాక్టరు గారు. "కొంతమంది మెదడు ఆ మార్పుని ఎక్కువగా పట్టించుకుంటుంది, అంతే. నీకు ధైర్యం లేకపోవడం వల్ల వచ్చింది కాదు. నువ్వు తప్పు చెయ్యడం వల్ల అసలే కాదు."

తరవాత ఇంకా చాలా చెప్పారు. రెండు నెలల పాటు ఏ రోజు ఎలా ఉందో క్యాలెండరు మీద రాయమన్నారు. థైరాయిడ్, రక్తం పరీక్ష చేయించారు. ఆ వారంలో కాఫీ తగ్గించి, నిద్ర చెడగొట్టుకోకుండా, రోజూ నడవమన్నారు. ఇవన్నీ చేసినా లొంగకపోతే మందులున్నాయి, కూర్చోబెట్టి మాట్లాడేవాళ్ళున్నారు, అందులో సిగ్గుపడేది ఏమీ లేదన్నారు. ఏ నెలలోనైనా బతుకే బరువనిపిస్తే మాత్రం తారీఖులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా ఆ రోజే రమ్మన్నారు. చివరికి మందుల చీటీ మీద శాఖకు ఒక మెమో రాశారు. అధికారి ప్రశ్నలు అడగవచ్చు, తీర్పు రాయరాదు. తనిఖీ రోజుల్లో ఏ నిర్ణయం మీదా ఆమె చేత సంతకం తీసుకోరాదు.

పద్మనాభం గారు దాన్ని రెండుసార్లు చదివి, అందినట్టు రసీదు రాసిచ్చారు. ఈ నిబంధన శాఖలో మొదటి నుంచీ ఉందన్నారు. మరి ఇరవై నాలుగేళ్ళుగా ఎందుకు చెప్పలేదని సత్తిబాబు అడిగాడు.

"ఎవరూ అడగలేదండి," అన్నారాయన.

ఆ తరవాత కూడా ఆయన రావడం మానలేదు. రాక ముందు రోజు మాత్రం హైమవతి క్యాలెండరు చూసి, రేపు పద్మనాభం గారు వస్తారని ఇంట్లో చెప్పేది. సత్తిబాబు కుర్చీ దుమ్ము దులిపి పెట్టేవాడు. కొట్టు మామూలు వేళకే తెరవడం మొదలుపెట్టాడు. పొద్దున బీచి రోడ్డు మీద హైమవతి చురుగ్గా నడిచేది. ఆయన మోకాళ్ళు పట్టుకుని వెనకపడేవారు, అడగవలసిన ప్రశ్నల్లో సగం గాలికి పోయేవి. కొన్ని నెలలు సులువుగా గడిచాయి. రెండు నెలలు మళ్ళీ పాతలాగే గడిచాయి, అప్పుడు డాక్టరు గారు మాత్రలు రాశారు, వాటితో దడ తగ్గింది. గ్యాసు బండ అయిపోయిందని, పది రోజుల కిందట చెప్పినా బుక్ చేయలేదని ఒకరోజు ఆమె గట్టిగా అడిగింది. సత్తిబాబు నెమ్మదిగా కుర్చీ వైపు చూసి, ఆయన వచ్చినట్టున్నారే అన్నాడు.

"ఆయన వచ్చినా రాకపోయినా బండ అయిపోయిందండీ," అంది హైమవతి. పద్మనాభం గారు కూడా అది వాస్తవమేనని తలూపారు. సత్తిబాబు ఫోను తీసి బుక్ చేశాడు.

ఒకసారి ఆమె ఫైలు తనకే చూపించమంది. అడిగితే చూపించవచ్చునట. తాడు విప్పి, మొదటి పేజీ నుంచి చదివింది. అభియోగాలన్నీ తనకు కంఠతా వచ్చినవే. ప్రతి కాగితం అడుగునా ఫిర్యాదుదారు సంతకం ఉంటుందని మాత్రం ఆమెకు తెలియదు. ఆరో తరగతిలో సైన్సు చెప్పిన మాస్టారు, మేనత్త, బస్సులో ఒకసారి పక్కన కూర్చుని మళ్ళీ ఎప్పుడూ కనిపించని ఒకావిడ. సగానికి పైగా తన సంతకాలే. మధ్యలో రెండు సత్తిబాబువి. ఇంటికి వచ్చినవాళ్ళ ముందు మాట్లాడడం రాదని ఒకటి, ఊరికే ఊహించుకుంటుందని ఒకటి.

సత్తిబాబు ఆ రెండు కాగితాలూ పట్టుకుని గదిలోకి వెళ్ళి, కాసేపటికి బయటికి వచ్చాడు. ఇవి వెనక్కి తీసుకుంటానన్నాడు. తీసుకునే వీలు శాఖలో లేదని, కావాలంటే పక్కన ఇంకో కాగితం జత చేయవచ్చునని పద్మనాభం గారు చెప్పారు. సత్తిబాబు బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, వెనకవైపు పొడిపొడి అక్షరాలతో, మా ఇంట్లో జరగబోయేది ముందుగా కనిపెట్టేది ఈవిడేనని, తాను అన్న మాటలు అప్పుడు విసుగులో అన్నవని రాసి సంతకం పెట్టాడు. పద్మనాభం గారు దాన్ని వరస సంఖ్య వేసి ఫైలులో కుట్టారు. ఆ రోజు ఆయన ఇంకేమీ అడగలేదు.

జూన్ నెలలో బళ్ళు తెరిచాక, పద్మనాభం గారు వచ్చే రోజు కాని ఒక పొద్దున, పాతికేళ్ళ అమ్మాయి ఒకతె కొత్త సంచీతో గుమ్మంలో నిలబడింది. పేరు శ్రావ్య అని, ఇది మొదటి పోస్టింగని, లాస్య గారి కోసం వచ్చానని చెప్పింది. శాఖలో ఇప్పుడు ఆడవాళ్ళను కూడా తీసుకుంటున్నారట. శ్రావ్యను తనిఖీ చేసే అధికారి గేటు బయట గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

లాస్యకు పదమూడేళ్ళు. హైమవతి కంగారుపడలేదు. శ్రావ్యను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మెమో నకలు చేతికిచ్చి, చదివినట్టు సంతకం పెట్టించుకుంది. తరవాత లాస్యను పక్కన కూర్చోబెట్టుకుని జడ వేస్తూ, తనకు ఆ వయసులో ఎవరూ చెప్పనివన్నీ చెప్పింది. ఈవిడ వస్తుంది, అడుగుతుంది, వెళ్ళిపోతుంది. అడిగినవన్నీ నిజమేననిపిస్తుంది, ఆ అనిపించడం కూడా ఈవిడతోనే వచ్చి ఈవిడతోనే పోతుంది. క్యాలెండరు మీద గుర్తు పెట్టుకో. ఏడుపొస్తే నా దగ్గరికి రా, నాన్న దగ్గరికైనా వెళ్ళు. లాస్య అన్నీ శ్రద్ధగా విని, ఇలా ఎన్నేళ్ళు వస్తారని అడిగింది. లాస్య గారికి యాభై ఏళ్ళు వచ్చేదాకా పోస్టు మంజూరై ఉందని, మధ్యలో ఖాళీ ఉండదని శ్రావ్య చెప్పింది.

హైమవతి ఫైలు చూపించమంది. కొత్త ఫైలు, ఇంకా అట్ట వాసన పోలేదు. లోపల ఒకటే కాగితం. నలుగురిలో ఉన్నానన్న ధ్యాస లేకుండా గట్టిగా నవ్వుతుంది, అని ఉంది. నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు. అడుగున సంతకం చూడకుండానే ఆమెకు తెలిసింది.

లాస్య తల వంచి చూసింది.

"నీ రాతే కదమ్మా," అంది. ఆ మాటలో కోపం లేదు. ఎప్పుడో తెలిసిన సంగతి చెప్పినట్టు, గొంతు బాగా తగ్గించి అంది.

వెనక్కి తీసుకునే వీలు లేదని హైమవతికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. జత చేయడానికి ఒక తెల్లకాగితం అడిగింది. శ్రావ్య ఇచ్చింది. వేళవుతోందని లాస్య సంచీ భుజాన వేసుకుని, తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టి బయలుదేరింది. శ్రావ్య వెనకే వెళ్ళింది, ఆమె వెనక గొడుగాయన వెళ్ళాడు. హైమవతి బల్ల ముందు కూర్చుని, మా అమ్మాయి నవ్వు, అని రాసింది. అది ఎలా ఉంటుందో రాద్దామనుకుని, ఆ నవ్వు చివరిసారి ఎప్పుడు విన్నదో గుర్తు తెచ్చుకోవడానికి కలం పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.