పదిహేను రోజుల కిందటి ఎండ

ఆ ఉదయం ఇంజనీరమ్మ పథకం చాలా చిన్నది. స్టేషనుకు వెళ్ళి, పరిశోధనకు డబ్బిచ్చే సంఘం పెద్దలు ముగ్గురినీ కారులో తీసుకురావాలి, వాళ్ళ ముందు ఒక్క పలక మీట నొక్కాలి. నచ్చితే పరిశోధన సాగుతుంది, లేకపోతే ఆరేళ్ళ కష్టానికి తాళం పడుతుంది. బయట ముసురు పట్టి పదిహేను రోజులైంది, సూర్యుడు పత్తా లేడు. అయినా ఆమెకు బెంగ లేదు. ముసురుకు ముందే పన్నెండు పలకలకు ఎండ పట్టించి ప్రయోగశాలలో బల్ల మీద పేర్చి ఉంచింది.

పలకంటే పుస్తకమంత దిమ్మ. బొగ్గును స్పాంజిలా పొంగించి, ఆ రంధ్రాల నిండా ఒక రకం ఉప్పు నింపి, పైన అద్దం బిగించారు. ఎండలో ఆ ఉప్పు కరిగి వేడిని మింగుతుంది. తరవాత చల్లారినా గడ్డకట్టదు, మింగింది కక్కదు. అంచునున్న మీట నొక్కితేనే కక్కుతుంది. మళ్ళీ నింపాలంటే మళ్ళీ ఎండ రావాలి. ఈ సంగతి ఆమె రోజూ భోజనాల దగ్గర భర్తకు చెప్పేది. ఆయన అగ్నిమాపక కేంద్రంలో అధికారి. ఊఁ కొట్టడంలో అందెవేసిన చెయ్యి.

ఆమె స్టేషనుకు వెళ్ళగానే, గదులు ఊడ్చే ఆయమ్మ వచ్చింది. పెద్దవాళ్ళు వస్తున్నారు కదా అని ఒక పలకను చేతిలోకి తీసుకుని అద్దం తుడిచింది. గుడ్డ మీటను నొక్కింది. చల్లటి పలక చేతుల్లోనే వేడెక్కింది. ఆమె దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, బయటికి వెళ్ళి, పలక దానంతటదే కాగుతోందని కాపలాదారుకు చెప్పింది. అతనికి చెవి కొంచెం మందం. కాగడం కాస్తా కాలడం అయింది. అతను అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేసేసరికి పలక గది అయింది. అవతల రాసుకున్నవాడు గదిని భవనం చేశాడు.

ఎర్రబండి దిగినవాడు భర్తే, వెంట నలుగురు మనుషులు. లోపల మంట లేదు, పొగా లేదు. ఒక పలక మాత్రం సెగలు కక్కుతోంది. ఎందుకైనా మంచిదని ఆయన మిగతావన్నీ వానలోకి మోయించాడు. నున్నటి ఆ పలకలకు చెయ్యి ఆనించుకునే చోటు మీట ఒక్కటే.

కారు వచ్చి ఆగేసరికి పదకొండు పలకల పని అయిపోయింది. పన్నెండోది భర్త చేతుల్లో ఉంది. ఇంజనీరమ్మ వానలో పరుగెత్తుకొచ్చింది.

"ఏవండీ, ఆ మీట మాత్రం నొక్కకండి."

"ఏ మీట? ఇదా?" అని ఆయన నొక్కి చూపించాడు.

అద్దం కింద తెల్లటి చుక్క ఒకటి మొలిచింది. చుక్కలోంచి సూదులు, సూదుల్లోంచి ఈకలు పుట్టి, నల్లటి దిమ్మంతా చూస్తుండగానే తెల్లబడింది. అద్దం మీద పడ్డ చినుకుల నుంచి సన్నగా ఆవిరి లేచింది. ఆయన కదల్లేదు. తడిసి వణుకుతున్న ఆయన మనుషులు కూడా తలా ఒక పలకను గుండెలకు హత్తుకుని నిలబడ్డారు.

"ఎక్కడిది ఈ వేడి?"

"పదిహేను రోజుల కిందటి ఎండ. రోజూ చెబుతూనే ఉన్నాగా."

"చెప్పావు. నేనే వినలేదు," అన్నాడాయన. "మళ్ళీ మొదట్నించీ చెప్పు."

ఆమె సంఘం పెద్దల వైపు తిరిగి, క్షమించాలి, చూపించడానికి ఒక్కటీ మిగల్లేదని మాత్రం అనగలిగింది. ఎండ లేని రోజున ఎండేం చూపిస్తావని దారిపొడుగునా ఎత్తిపొడిచిన పెద్దాయన అప్పటికే నేల మీది పలకొకటి ఎత్తుకుని ఉన్నాడు. కళ్ళద్దాలు ఆవిరి పట్టి కళ్ళు కనబడటం లేదు.

"తరవాత మాట్లాడుదువు గానీ, కాసేపు దీన్ని పట్టుకోనీ తల్లీ," అన్నాడు.

పరిశోధనకు మరో అయిదేళ్ళు ఇస్తూ ఆయన అక్కడే సంతకం చేశాడు, ఒంటిచేత్తో. రెండో చెయ్యి పలకను వదల్లేదు.

అగ్నిమాపక కేంద్రం నివేదికలో, మంటలు ఆర్పడానికి పట్టిన సమయం అన్న చోట అధికారి ఇలా రాశాడు: "గంటన్నర. ఆర్పలేదు, చలి కాచుకున్నాం."