పనసపొట్టు పరామర్శ

ఆ శనివారం పొద్దున్న రంగనాథం వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నెండు గంటల పాసింజరులో భార్య పద్మకుమారి కొత్తవలస నుంచి వచ్చేలోపు అన్నం, పప్పు, పనసపొట్టు కూర, చారు వండి ఆవిడ ముందు పెట్టాలి. అంతే. చీపురుపల్లి బజారులో తాతలనాటి కిరాణా కొట్టు అతనిది, దాన్ని ఆనుకునే ఇల్లు. ఊళ్లో సగం ఇళ్లకు పప్పూ ఉప్పూ అతని చేతిమీదుగానే వెళ్తాయి. అవి ఆ ఇళ్లకు వెళ్లాక ఏమవుతాయో మాత్రం యాభై దాటినా అతనికి తెలియదు.

పద్మకుమారి వెళ్లి రెండు నెలలైంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ వంటకు అతను వంక పెట్టని పూట లేదు. ఉప్పు ఎక్కువ, కాకపోతే తక్కువ, రెండూ కాకపోతే "సప్పగా ఏడిసింది." శివరాత్రి మర్నాడు చుట్టాలంతా పంక్తిలో కూర్చుని ఉండగా, పులుసు బాగులేదని నిండు కంచంలో నీళ్లు పోసి చెయ్యి కడిగేసుకున్నాడు. ఆవిడ చుట్టాలకు పెరుగు దాకా వడ్డించి, బట్టలు సర్దుకుని కొత్తవలసలో తమ్ముడింటికి వెళ్లిపోయింది.

పెళ్లాం వదిలేసి వెళ్లిందంటే బజారులో పరువు పోతుంది. అందుకని ఆవిడకు ఒంట్లో బాగులేదనీ, తమ్ముడి దగ్గర ఉండి వైద్యం చేయించుకుంటోందనీ చెప్పాడు. సరుకులకు వచ్చినవాళ్లు రోజూ అడుగుతుంటే జబ్బు తనంతట తానే పెరిగింది. మొదట గ్యాసన్నాడు. తర్వాత కడుపులో పుండన్నాడు. ఏప్రిల్ వచ్చేసరికి విశాఖపట్నంలో పెద్ద డాక్టరు పెదవి విరిచేశాడు.

ఈలోపు హోటలు తిండితో రంగనాథానికి సుగరు పెరిగింది, మనిషి వాడిపోయాడు. చివరికి ఫోను చేసి బతిమాలాడు.

"ఒక్కపూట మీరు సొంతంగా వండి నాకు ఎట్టండి," అంది పద్మకుమారి. "తిన్నాక ఉంటానో ఎల్తానో సెప్తాను."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు రంగనాథం. ఆవిడ అడిగింది వంట గురించే అనుకున్నాడు మరి.

పనసపొట్టు కూరంటే పద్మకుమారికి ప్రాణం. బజారులో కొట్టిన పొట్టు దొరుకుతుంది కానీ, కాయ చవకని కాయే కొన్నాడు. ఎలా కొట్టాలో ఫోనులో ఒకావిడ వివరంగా చెప్తోంది. మధ్యలో ప్రకటన వస్తే ముందుకు తోసేశాడు. "చేతులకు నూనె బాగా రాసుకుని" అన్న ముక్క ఆ తోపులో పోయింది. నాలుగు దెబ్బలు వేసేసరికి పాలు కారి కత్తి చేతికి అతుక్కుంది. దాన్ని ఊడబీకి, జిగురంతా సబ్బుతో రుద్ది పదివేళ్లకూ సమానంగా పంచాడు. ఆ చేత్తోనే ఫోను తీశాడు. ఇక ఫోను చేతిని వదల్లేదు.

అన్నం సంగతి ఇంకోలా అయింది. కుక్కరు మీద విజిలు పెట్టకుండా విజిలు కోసం ఎదురుచూశాడు. విజిలు రాలేదు, మాడు వాసన వచ్చింది. ఆ గాభరాలో మూకుడులో నూనె పొగలు కక్కేదాకా ఊరుకుని, కొట్లో మేలురకం ఎండుమిరపకాయలు పిడికెడు పడేశాడు. అవి క్షణంలో నల్లబడ్డాయి. పొట్టు అనే పేరుతో తాను నరికిన పనస ముక్కలు అందులో కుమ్మరించి, రుబ్బిన ఆవముద్ద పొయ్యి మీద ఉండగానే వేసేశాడు. దించి చల్లార్చాక వేయాల్సిన ఆవ ఉడికితే చేదెక్కుతుందని అతనికి ఎవరు చెప్తారు? ఈలోపు మిరపఘాటు గొంతులో దిగింది. ఎలాగో పొయ్యి కట్టేసి, మిరపకాయలు పట్టుకున్న చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

వీధి అరుగు మీదికొచ్చి కూలబడ్డాడు. కళ్లు, ముక్కు ఏకధారగా కారుతున్నాయి, మాట పెగలడం లేదు. తువ్వాలు నోట్లో కుక్కుకుని వెక్కుతున్నాడు. చేతిలో ఫోను. ఎదురింటి ఝాన్సీలక్ష్మి ముగ్గు వేస్తూ తలెత్తి చూసింది. ఆవిడకు అంతా అర్థమైపోయింది.

"అయ్యో అన్నయ్యగారూ! కబురొచ్చీసిందేటి?" అంటూ పరుగెత్తుకొచ్చింది.

పద్మకుమారి వస్తున్నట్టు కబురు వచ్చిన మాట నిజమే. రంగనాథం తలూపాడు. ఝాన్సీలక్ష్మి గొల్లుమంది. అది విని పక్కన బెల్లంకొట్టు జగన్నాధం వచ్చాడు. అతను వర్తక సంఘం కార్యదర్శి, ఎవరికి ఏం జరిగినా ముందుంటాడు.

"ఎప్పుడు బావా?" అన్నాడు భుజం పట్టుకుని.

"పన్నెండు... పాసింజరుకి... వస్తాది."

"పాసింజరులోనా! అంబులెన్సు మాటాడలేకపోయారా?"

"ఎందుకూ, స్టేషన్లో దిగి ఆటోలో వచ్చేస్తాది."

జగన్నాధం ఝాన్సీలక్ష్మిని పక్కకు తీసుకెళ్లాడు. "మతి సలించింది పాపం. ఫోను సూడు, లాగితే వదలడం లేదు. ఆళ్లు ఆఖరిసారి మాటాడిన ఫోను కామోసు," అన్నాడు. ఇంట్లోంచి ఘాటు అరుగు మీదికి పాకుతోంది. బజారంతా మిరపకాయల బస్తాలే కనక ఎవరూ పట్టించుకోలేదు. పరామర్శకు వచ్చినవాళ్లకు మాత్రం గుమ్మం దగ్గరికి రాగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పసుపు కుంకాలతో ఎల్లిపోయింది, పుణ్యాత్మురాలు," అంది ఝాన్సీలక్ష్మి. అప్పటికిగానీ రంగనాథానికి విషయం తలకెక్కలేదు. ఉలిక్కిపడి, కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే వెనకింటి ధనలక్ష్మి గిన్నెతో వచ్చింది.

"సావింట్లో పొయ్యి రాజెయ్యకూడదు కదా. అన్నయ్యగారు సుగరు మనిషి, మందేసుకోవాల. ఆనపకాయ పులుసు తెచ్చాను. ఆళ్లొచ్చే ముందే రెండు ముద్దలు తినిపించండి," అంది.

ఝాన్సీలక్ష్మి కళ్లు తుడుచుకుంది. "నేను పప్పూ అన్నం తెస్తాను. కొత్తవలస నుంచొచ్చినోళ్లకీ కావాల కదా."

"వంకాయకూర మా ఇంట్లో సేయిస్తాను," అన్నాడు జగన్నాధం.

రంగనాథం గిన్నె వైపు చూశాడు. లోపలున్న మాడు అన్నం గుర్తొచ్చింది. వీళ్లు తెచ్చినవన్నీ తానే వండానని పద్మకుమారి ముందు పెట్టొచ్చు. తెరిచిన నోరు మూసేశాడు. తర్వాత జరిగినదానికి మిరపకాయలదీ, పనసకాయదీ తప్పులేదు.

"ఆళ్ల తమ్ముడికి ఓ ఫోను సేసి మాటాడనా?" అన్నాడు జగన్నాధం.

"వద్దు బావా," అన్నాడు రంగనాథం, గొంతు చాలా బాగా పెగిలి. "ఆళ్లనిప్పుడు కదపొద్దు."

ఝాన్సీలక్ష్మి బలవంతం మీద ఆకులో నాలుగు ముద్దలు తిన్నాడు. రెండు నెలల తర్వాత దొరికిన ఇంటి భోజనం. కళ్లు మూసుకుని నమిలాడు. అలవాటు చొప్పున, "పులుసులో బెల్లం తగ్గింది," అన్నాడు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుఃఖంలో ఉన్న మనిషి కదా అని సరిపెట్టుకున్నారు.

గిన్నెలన్నీ లోపలికి చేరాక, అందర్నీ పదకొండింటికి పంపించేస్తే సరిపోతుందనుకున్నాడు. కానీ ఈలోగా జగన్నాధం బజారులో షట్టర్లు దింపించాడు. టెంటు కుర్చీలు వచ్చాయి. గోడమీది పద్మకుమారి ఫొటో దించి కుర్చీలో పెట్టి, దండ వేసి దీపం వెలిగించారు. నిజం చెప్పడానికి వేళ మించిపోయిందనుకున్నాడు రంగనాథం. నిజానికి వేళ చాలా ఉంది, లేనిది ధైర్యమే.

పద్మకుమారి ఆటో వీధి మొదట్లోనే ఆగిపోయింది. దిగి నడిచొచ్చి, తమ గుమ్మం ముందు జనాన్ని చూసింది. ఆయనకేదో అయిందనుకుంది. సంచి వదిలేసి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ముందు మొగుడు కనిపించాడు, నిక్షేపంలా ఉన్నాడు. తర్వాత తన ఫొటో కనిపించింది, దండతో.

ఆవిడకు వీపు పెట్టి కూర్చున్న ఝాన్సీలక్ష్మి ధనలక్ష్మితో చెప్తోంది. "ఆవేళ అన్నంలో సెయ్యి కడిగీసినప్పుడు నేను కిటికీలోంచి సూస్తన్నాను. అది గుడ్లనీరు కుక్కుకుని వడ్డిస్తన్నాది. ఎల్లి నాలుగు దులుపుదామనుకున్నాను. మనకెందుకులే అని ఊరుకున్నాను. ఇప్పుడేటి అనుకుని ఏటి లాభం?"

"ఇప్పుడైనా దులుపొచ్చు వదినా," అంది పద్మకుమారి. "ఉన్నాను కదా."

ఝాన్సీలక్ష్మి వెనక్కి తిరిగి చూసి కుర్చీతో సహా పడిపోయింది. టెంటులో కేకలు. సద్దుమణిగాక ధనలక్ష్మి పద్మకుమారికి జరిగిందంతా చెప్పింది, పులుసుకి పెట్టిన వంకతో సహా. జగన్నాధం రంగనాథం మీదికి వెళ్లాడు. "ఏటి బావా ఇది!"

"సచ్చిపోయిందని నేనెప్పుడన్నాను?"

"బతికున్నాదనీ అనలేదు కదా! ఊరందరి సేతా షట్టర్లు దింపించేవు, ఫోను సెయ్యనంటే వద్దన్నావు!"

ఎవరో నవ్వారు. నవ్వు పాకింది. పద్మకుమారి నవ్వలేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, పీట వాల్చుకుని కూర్చుంది.

"ఇంత దూరం భోజనానికి రమ్మన్నారు. వడ్డించండి."

రంగనాథం ఫోను లేని చేత్తో వడ్డించాడు. ఇంత జరిగాక కూడా, "అన్నీ నేనే సేసాను," అన్నాడు. ఏం మనిషో! పద్మకుమారి పప్పుగిన్నె అంచు మీద చెక్కిన పేరు చదివింది. ఝాన్సీలక్ష్మి. పులుసు గిన్నె తిప్పింది. ధనలక్ష్మి. కూరగిన్నె మీద జగన్నాధం గారి అత్తవారి ఇంటిపేరుతో సహా ఉంది. మూడూ పక్కకు జరిపింది.

"మీరు సేసిందేది?"

"ఏటీ లేదు."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. మాడిన కుక్కరు, జిగురు కత్తి, గోడనిండా మరకలు. మూకుట్లో బొగ్గు రంగు ముద్ద. అందులోంచి నాలుగు గరిటెలు కంచంలో వేసుకొచ్చి మళ్లీ పీట మీద కూర్చుంది. మొదటి ముద్దకే మొహం ముడుచుకుపోయింది. ఆవ విషంలా ఉంది, పనస ఉడకలేదు. అయినా నమిలింది. కంచం ఖాళీ చేసింది. కిటికీ దగ్గర చేరిన ఆడవాళ్లు చూస్తున్నారు.

"ఇదే తెచ్చి నా ముందు ఎట్టుంటే ఉండిపోదును," అంది పద్మకుమారి.

"రేపు మళ్లీ వండుతాను పద్మా! ఎల్లుండీ వండుతాను. నీమీద ఒట్టు."

"నేను పోయానని పరాయోళ్లు ఏడుస్తన్నారు. మీరు ఆళ్ల పులుసుకి వంక ఎట్టుకుంటూ కూకున్నారట. ఎల్లుండి వండి ఏటి సేస్తారు?"

రంగనాథానికి ఏడుపొచ్చింది. ఈసారి మిరపఘాటు లేదు. "ఇంత సిన్నదానికా?" అని అడగబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. అది చిన్నది కాదని ఆ పూటే అతనికి తెలిసింది.

ఆవిడ చెయ్యి కడుక్కుని, బయటికొచ్చి కుర్చీలో ఉన్న తన ఫొటో తీసి సంచిలో పెట్టుకుంది. ఝాన్సీలక్ష్మి ఆ సంచి అందుకుని, "రా, పాసింజరు దాకా మా ఇంట్లో ఉందువు," అంది. ధనలక్ష్మి లోపలికి వెళ్లి గిన్నెలన్నీ పట్టుకొచ్చేసింది. ఆ రెండు కుటుంబాల ఆడవాళ్లూ ఆవిడను సాయంత్రం స్టేషను దాకా దిగబెట్టారు. రంగనాథం వెనకాలే వెళ్లి ప్లాట్‌ఫారం చివర నిలబడి, బండి ఆలస్యమైతే చెప్పడానికి నాలుగు మంచి మాటలు కూడదీసుకుంటున్నాడు.

రోజూ గంట ఆలస్యంగా వచ్చే పాసింజరు ఆ సాయంత్రం వేళకే వచ్చింది.