ఉత్తమ తోట శీర్షిక

పత్రికల్లో వచ్చే తోటల రాతల నాణ్యతను, వృత్తి నైపుణ్యాన్ని పెంచడానికి ప్రభుత్వం కంకణం కట్టుకుందని ఉద్యానశాఖ మంత్రిగారు మా పత్రికాఫీసు మూడో అంతస్తులో ప్రకటించారు. లిఫ్టు చెడిపోయినా మెట్లెక్కి వచ్చి మరీ ప్రకటించారంటే ఆయన పట్టుదల ఎంతటిదో ఊహించుకోవచ్చు. "మొక్క ఎండిపోతే ఇంకోటి నాటుకుంటాం. మొక్క మీద రాసిన వాక్యం ఎండిపోతే ఏం నాటుకుంటాం?" అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ మాటకు అర్థమేమిటని ఒక్కరూ అడగలేదు. పత్రికలో పనిచేసేవాళ్లం, ఆ మాత్రం నైపుణ్యం మాకుంది.

ఈ ఏడాది నుంచి ఉత్తమ తోట శీర్షికకు షీల్డు ఇస్తారట. న్యాయనిర్ణేత మంత్రిగారే.

మా ఆదివారం అనుబంధంలో తోట శీర్షిక పేరు 'హస్తవాసి'. రాసే పెద్దమనిషినీ అందరం హస్తవాసిగారనే పిలుస్తాం. ఆ పేజీ దిద్ది అచ్చుకు పంపే సబ్ ఎడిటర్ని నేను. హస్తవాసిగారు ఇంతకుముందు వారఫలాలు రాసేవారు. జనం ఫోన్లు చేసి ప్రాణం తీస్తున్నారని మొక్కల వైపు మారారు. మొక్కలు ఫోన్ చేయవు కదా. పాత అనుభవం మాత్రం వృథా పోలేదు. "నీళ్లు మరీ ఎక్కువ పోయకండి, మరీ తక్కువా పోయకండి. ఎండ అవసరమే, అతిగా పనికిరాదు. ఓపిక పడితే ఫలితం కనిపిస్తుంది" అని ఆయన రాసినదాంట్లో ఇంతవరకు ఒక్క తప్పు దొరకలేదు. ఆయన ఉండేది బాల్కనీ కూడా లేని ఫ్లాటు. "సొంత మొక్క ఉంటే పక్షపాతం వచ్చేస్తుందండీ" అనేవారు. పాఠకుల ప్రశ్నలు కూడా ఆయనే రాసుకునేవారు. ముందు జవాబు, తర్వాత దానికి తగిన ప్రశ్న. ఇలా చేస్తే జవాబు కుదరలేదన్న ఫిర్యాదు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంత పద్ధతిగా నడుస్తున్న శీర్షికను వెతుక్కుంటూ ఒక రోజు నిజం పాఠకురాలు వచ్చింది. ఆమె మా వదిన.

ఎయిర్‌పోర్టు రోడ్డు పొడవునా మంత్రిగారు నాటించిన మొక్కలకు నీళ్లు పోయడం వదిన ఉద్యోగం. కాంట్రాక్టు ఉద్యోగమే కానీ, అన్నయ్య నడుం దెబ్బతిని మంచాన పడ్డాక ఆ ఇంటికి ఉన్న ఆధారం అదొక్కటే. వదిన గోనెసంచిలో చుట్టి తెచ్చిన మొక్కని తీసి నా టేబుల్ మీద పెట్టింది.

"చూడవయ్యా మరిదీ, దీని గతి!"

ఆకులు కమిలిపోయాయి. కింద మట్టి చుట్టూ దళసరి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. వేళ్లు బయటికి రాలేక లోపలే ఉండచుట్టుకుపోయాయి. కవరు మీద మంత్రిగారి మొహం రంగుల్లో చిరునవ్వు చిందిస్తోంది.

"అన్నీ ఇలాగే నాటేశారు, కవరుతో సహా. నేను ఎన్ని నీళ్లు పోసి ఏం లాభం? సోమవారం ఇన్‌స్పెక్షన్. మొక్కలు చచ్చాయంటే నీళ్లు పోయలేదని నన్ను పీకేస్తారు. ఈ కవరు సంగతి మీ పేపర్లో వేయండి చాలు."

"నాటేటప్పుడే చింపేయాల్సింది కదా వదినా!"

"చింపబోయాను. సూపర్‌వైజరు చెయ్యి పట్టుకుని ఆపేశాడు. 'మంత్రిగారి మొహం చింపేస్తావా, ఒళ్లు తెలుస్తోందా లేదా?' అని కేకలేశాడు. గోతిలో పెట్టి పూడిస్తే తప్పు లేదట, చింపితేనే తప్పట."

హస్తవాసిగారు వచ్చి మొక్క చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. నిజం మొక్కని ఇంత దగ్గరగా చూడటం ఆయనకు కొత్త.

"ఇది గులాబీయేనా?"

"కాదండీ, నీడ చెట్టు."

"మనం ఈ వారం గులాబీలు వేస్తున్నాం. జవాబు కూడా రెడీగా ఉంది. నువ్వు కాస్త గులాబీకి మారగలవేమో చూడమ్మా."

"రోడ్డు నిండా ఉన్నది ఇదేనండీ!"

"రోడ్డు సంగతి రోడ్డుది. ప్రశ్న గులాబీది కావచ్చు కదా!"

గొడవ విని ఎడిటరుగారు గదిలోంచి బయటికొచ్చారు. కవరు చూశారు, కవరు మీది మొహం చూశారు, చొక్కా సర్దుకున్నారు. "ఇది తోట వార్త కాదు, రాజకీయం" అన్నారు. రాజకీయాల డెస్కువాళ్లు ఇది వ్యవసాయం అన్నారు. వ్యవసాయం చూసేవాడు రోడ్డు పక్కన ఉన్నది కాబట్టి రవాణా అన్నాడు. కవరు అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆ మాట తప్ప అన్నీ మాట్లాడారు. చివరికి ఎడిటరుగారు వృత్తి ధర్మం ప్రకారం అవతలి పక్షం వాదన కూడా తీసుకోవాలని మంత్రిగారి పీఏకి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేశారు.

"కవరు మీద బొమ్మ ఎలా ఉంది? వెలిసిపోయిందా?" అడిగాడు పీఏ.

"లేదు సార్, ఇన్నాళ్లు మట్టిలో ఉన్నా చెక్కుచెదరలేదు."

"మరి ఇంకేమిటయ్యా ఫిర్యాదు?"

మా ఎడిటరుగారు థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశారు.

ఆదివారం శీర్షికలో వదిన ప్రశ్న ఇలా వచ్చింది: 'ఎయిర్‌పోర్టు రోడ్డు మొక్కలు పట్టపగ్గాల్లేకుండా పెరిగిపోతున్నాయి. నేనేం చేయాలి?' జవాబు: 'మీ అదృష్టానికి అభినందనలు. నీళ్లు మరీ ఎక్కువ పోయకండి, మరీ తక్కువా పోయకండి.' అచ్చుకు పంపింది నేనే. ఒక కామా సరిచేసి మరీ పంపాను.

ఆ సాయంత్రమే హస్తవాసిగారికి షీల్డు ఇచ్చారు. మంత్రిగారు ఆ ప్రశ్న, జవాబు మైకులో చదివి వినిపించి, "ఇదీ నాణ్యతంటే! ఆధారాలతో రాశాడు" అని భుజం తట్టారు.

సోమవారం నేను సెలవు పెట్టి వదిన పక్కన నిలబడ్డాను. ఉద్యోగం పోతే ఇంటిదాకా తోడు వెళ్లాలి కదా. ఇన్‌స్పెక్షన్ ఆఫీసరు చంకలో మా పేపరుతో జీపు దిగాడు. ఎండు పుల్లల వైపు చూశాడు. పేపరు చూశాడు. మళ్లీ పుల్లలు చూసి, చివరికి పేపర్లోనే చూసి 'ఏపుగా ఉన్నాయి' అని రాసుకున్నాడు.

"చచ్చిపోయాయి కదండీ!" వదిన ఉండబట్టలేక అనేసింది.

"అమ్మా, షీల్డు వచ్చిన శీర్షిక అది. నువ్వూ నేనూ ఎంత? నీళ్లు పోస్తూ ఉండు."

వదిన ఉద్యోగం నిలబడింది. నాకు పట్టరాని సంతోషం వేసింది, ఆ సంతోషం చూసుకుని సిగ్గూ వేసింది. వదిన పొద్దస్తమానం పుల్లలకు నీళ్లు పోసి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటోందని, పలకరిస్తే కసురుకుంటోందని అన్నయ్య చెప్పాడు.

షీల్డు వచ్చాక హస్తవాసిగారి కలానికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. తర్వాతి వారం ఎయిర్‌పోర్టు రోడ్డులో చల్లటి నీడ పరుచుకుందని రాశారు. ఆ పై వారం పిట్టలు గూళ్లు కట్టాయన్నారు. ఈ ఆదివారం, కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని, అధికారులు మొద్దునిద్ర వదలాలని కాస్త ఘాటుగానే హెచ్చరించారు. మా ఎడిటరుగారు దాన్ని మొదటి పేజీకి ఎక్కించారు. కరెంటు ఆఫీసు అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు వదిన ఫోన్ చేసింది. వెనక లారీ వెళ్లిపోతున్న చప్పుడు.

"మరిదీ, కొమ్మలు కొట్టేయమని ఆర్డరొచ్చింది. సాయంత్రానికల్లా కొట్టకపోతే నన్ను తీసేస్తారట. ఇంత పొడుగు నిచ్చెన దింపి పోయారు."

నేను టేబుల్ మీది ఆదివారం పేపరు మడిచి సొరుగులో పెట్టాను.

"పేపరులో పనిచేసేవాడివి, నువ్వే చెప్పు. ఈ నిచ్చెన దేనికి ఆనించమంటావు?"